పద్మినికి కార్బురేటర్ మార్చాలంటే: తక్కువ ఖర్చులో సరైన ఎంపిక

పాత కారు పికప్ తగ్గినా, మైలేజీ పడిపోయినా, సిగ్నల్ దగ్గర ఆగిపోయినా చాలా గ్యారేజీల్లో వినిపించే మాట ఒకటే: కార్బురేటర్ అయిపోయింది, మార్చెయ్యాలి. గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు అందించే భాగమే కార్బురేటర్. దేనితో మార్చాలి, మార్చాక మొత్తం ఎంతవుతుంది అన్న ప్రశ్నలకు మాత్రం అంత సులువుగా జవాబు దొరకదు. ఉద్గార నిబంధనల వల్ల మన దేశంలో కొత్త పెట్రోలు కార్లు 2000 ప్రాంతంలో, కార్బురేటర్ బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. అప్పటి నుంచి కార్లకు కొత్త కార్బురేటర్ దొరకడమూ కష్టమే, దాని సంగతి బాగా తెలిసిన మెకానిక్ దొరకడమూ కష్టమే.

ఉదాహరణకు ప్రీమియర్ పద్మినిని తీసుకుందాం. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీలో మొదలై, 1970లలో పద్మిని పేరు పెట్టుకుని, 2000 ప్రాంతం దాకా తయారైన కారు ఇది. 1089 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, దాదాపు 40 హార్స్‌పవర్, పైనుంచి కిందికి గాలి పీల్చే ఒకే ఒక డౌన్‌డ్రాఫ్ట్ కార్బురేటర్. పాత కార్లలో సామాన్యుడి అందుబాటులో ఇప్పటికీ ఉన్నవాటిలో ఇదొకటి కాబట్టి, ఖర్చు చూసుకుని బాగు చేయించుకునేవాళ్లు ఎక్కువ.

ఈ ఎంపికలో చాలామంది పొరపడేది ధర దగ్గర. షాపులో చెప్పిన ధర కార్బురేటర్‌ది మాత్రమే. అది ఇంజిన్ మీద సరిగ్గా కూర్చోవడానికి అడాప్టర్ ప్లేటు, యాక్సిలరేటర్ లింకేజి, చోక్ కేబుల్, ఎయిర్ క్లీనర్ బిగింపు, సరిపడా జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు), వీటన్నిటికీ మెకానిక్ కూలి ఇంకా లెక్కలోకి రాలేదు. ఇవన్నీ కలిపి చూస్తే, ఎక్కువ సందర్భాల్లో పాత కార్బురేటర్‌నే లేత్ పని చేయించి నిలబెట్టుకోవడం చవక. అది కుదరకపోతే అదే రకం, అదే సైజు ఉన్న మరొకటి తెచ్చుకోవడం రెండో దారి. వేరే రకం వైపు వెళ్లడం చివరి దారిగానే ఉండాలి.

తప్పు కార్బురేటర్‌దేనా?

కార్బురేటర్ మీద నిందలు పడ్డ కేసుల్లో చాలా వాటికి మూలం ఇగ్నిషన్‌లో, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే ఏర్పాటులో ఉంటుంది. పాయింట్ల గ్యాప్ తప్పడం, కండెన్సర్ బలహీనపడటం, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అరిగి టైమింగ్ ఊగిసలాడటం: వీటన్నిటికీ లక్షణాలు మిస్సింగ్, పికప్ లేకపోవడమే. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోయినా ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరగడం) కుదరదు. పెట్రోలు ట్యాంకులో తుప్పు చేరి ఫిల్టర్ మూసుకుపోతే కొత్త కార్బురేటర్ కూడా వారం తిరగకుండానే అదే తుప్పుతో నిండుతుంది. టైమింగ్, ప్లగ్గులు, వాల్వ్ క్లియరెన్సు, కంప్రెషన్, పెట్రోలు లైను చూసుకోకుండా కార్బురేటర్ కొనడానికి డబ్బు తియ్యకూడదు.

ఇవన్నీ బాగున్నాయని తేలాక ఒక చిన్న పరీక్ష చాలా విషయం చెబుతుంది. ఇంజిన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉండగా, అప్పుడు అందే ఇంధనాన్ని సరిచేసే మిక్స్చర్ స్క్రూను నెమ్మదిగా లోపలికి బిగించుకుంటూ పోవాలి. ఆరోగ్యంగా ఉన్న కార్బురేటర్ అయితే స్క్రూ మూసుకునే లోపు ఇంజిన్ తడబడి ఆగిపోతుంది. పూర్తిగా మూసినా ఇంజిన్ నడుస్తూనే ఉంటే పెట్రోలు వేరే దారిలో వస్తున్నట్టు. ఫ్లోట్ లెవెల్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం) ఎక్కువై ఉండాలి, గిన్నెలోకి వచ్చే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వ్ సరిగ్గా మూసుకోకుండా ఉండాలి, లేదా ఐడ్లింగ్ నిలబెట్టడానికి ఎవరో గాలి దారిని తెరిచి మూసే రేకును, అంటే బటర్‌ఫ్లైని అవసరానికి మించి తెరిచి పెట్టి ఉండాలి. మొదటి రెండూ రిపేర్ కిట్‌తో పోయే జబ్బులే. మూడోది బటర్‌ఫ్లైని తిప్పే కడ్డీ, అంటే స్పిండిల్ దగ్గరికి తీసుకెళుతుంది.

స్పిండిల్ అరుగుదల: తేల్చేది ఇదే

కార్బురేటర్‌లో గ్యాస్కెట్లు, డయాఫ్రం, నీడిల్ వాల్వ్ మార్చుకునే వస్తువులు. జెట్లు కూడా అంతే. బాడీని మాత్రం మార్చలేం. బాడీ జింక్ మిశ్రమంతో పోతపోసినది, మెత్తటి లోహం. అందులో తిరిగే స్పిండిల్ దానికన్నా గట్టిది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ, స్ప్రింగ్ వెనక్కి లాగిన ప్రతిసారీ స్పిండిల్ ఒకే పక్కకు ఒత్తుకుంటుంది. ముప్ఫై, నలభై ఏళ్లు ఇలా జరిగితే గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోలగా మారుతుంది. వేలితో స్పిండిల్ కొనను పైకీ కిందికీ ఊపితే ఆ ఆట చేతికి తెలుస్తుంది.

ఈ కొంచెం సందు అంత నష్టం ఎందుకు చేస్తుందంటే, ఐడ్లింగ్‌లో బటర్‌ఫ్లై దాదాపు మూసుకునే ఉంటుంది. దాని కింద, సిలిండర్లకు గాలిని చేర్చే మ్యానిఫోల్డ్‌లో శూన్యం బలంగా ఉంటుంది. స్పిండిల్ పక్క సందులోంచి లోపలికి దూరే గాలి పెట్రోలుతో కలవకుండా నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. ఐడ్లింగ్‌కు కావలసిన గాలే చాలా తక్కువ కాబట్టి అంత చిన్న లీకేజీ కూడా మిశ్రమాన్ని బాగా పలచన చేస్తుంది. పైగా స్పిండిల్ ఒక్కోసారి ఒక్కో చోట కూర్చుంటుంది. అందుకే అలాంటి కారుకు పొద్దున చేసిన ట్యూనింగ్ సాయంత్రానికి పనికిరాదు. మెకానిక్ ఎన్నిసార్లు స్క్రూ తిప్పినా లాభం ఉండదు, తప్పు అతనిది కాదు.

దీన్ని నిర్ధారించుకోవడానికి ఐడ్లింగ్‌లో స్పిండిల్ కొనల దగ్గర కార్బురేటర్ క్లీనర్ కొద్దిగా స్ప్రే చేస్తారు. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ లీకేజీ ఉన్నట్టే. ఆ ద్రవం మంటను ఇట్టే అందుకుంటుంది, కాబట్టి వేడి ఎగ్జాస్ట్ మీదా, ప్లగ్ వైర్ల మీదా పడకుండా చూసుకోవాలి. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచుల వెంట కూడా అలాగే పరీక్షించాలి. లీకేజీ అక్కడుంటే కార్బురేటర్ నిర్దోషి.

అరిగిన స్పిండిల్‌కు వైద్యం ఉంది. లేత్ పని తెలిసినవాళ్లు రంధ్రాన్ని రీమర్‌తో సమంగా పెద్దది చేసి, ఇత్తడి బుష్ ఎక్కించి, స్పిండిల్ అందులో ఒత్తు లేకుండా తిరిగేలా సరిచేస్తారు. స్పిండిల్ కూడా అరిగి ఉంటే కొత్తది తిప్పించాలి. రెండు రంధ్రాలూ ఒకే గీతలో ఉండాలి, లేకపోతే బటర్‌ఫ్లై పట్టేస్తుంది. అందుకని ఈ పనిని చేతి డ్రిల్‌తో చేస్తామనేవాళ్లకు ఇవ్వకూడదు. మంచి టర్నర్ దొరికితే ఖర్చు కొత్త కార్బురేటర్ ధరలో చిన్న భాగం. పని అయ్యాక బటర్‌ఫ్లై మూసి, కింద నుంచి టార్చ్ వేసి పైనుంచి చూడాలి. అంచు చుట్టూ వెలుతురు సన్నగా, సమంగా కనిపిస్తే చాలు. ఒక పక్క మందంగా, ఇంకో పక్క అసలు లేకుండా ఉంటే బటర్‌ఫ్లై స్క్రూలు వదులు చేసి మళ్లీ కూర్చోబెట్టాలి.

ఇంకో రెండు లోపాలు కూడా బాడీకే పడతాయి. బోల్టులు అతిగా బిగించడం వల్ల అడుగు ఫ్లాంజ్ (ఇంజిన్ మీద కూర్చునే చదునైన అంచు) చెవులు కిందికి వంగిపోతాయి. ఫ్లాంజ్‌ను అద్దం మీద పెట్టి ఊపితే కదలడం తెలుస్తుంది. కొద్దిగా అయితే అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి రుద్ది సమం చేయొచ్చు. చెవి విరిగిపోయినా, బాడీలో పగులు వచ్చినా, లోపలి దారులు తెల్లటి పొడిలాంటి తుప్పుతో తినేసి ఉన్నా అప్పుడు మాత్రం వేరేది వెతుక్కోవాల్సిందే.

పెద్దది పెడితే పికప్ పెరుగుతుందా?

వేరేది వెతికేటప్పుడు ఎదురయ్యే మొదటి ప్రలోభం సైజు. ఎలాగూ మారుస్తున్నాం కదా, కొంచెం పెద్దది పెడదాం అన్న ఆలోచన సహజమే. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా వీ8 ఇంజిన్లకు సంబంధించినవి. అక్కడి సంఖ్యలు ఇక్కడికి తెచ్చుకుంటే నష్టపోతాం. కాబట్టి పద్మినికి ఎంత గాలి కావాలో లెక్క వేసుకుందాం.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. 4800 ఆర్‌పీఎం దగ్గర 1089 సీసీ ఇంజిన్ నిమిషానికి 2400 సార్లు పీల్చుకుంటుంది, అంటే సుమారు 2613 లీటర్లు. సిలిండర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు. పాత ఇంజిన్‌కు 80 శాతం అనుకుంటే 2090 లీటర్లు వస్తుంది. కార్బురేటర్ల వాళ్లు వాడే కొలతలో ఇది దాదాపు 74 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). అంబాసిడర్‌కు ఎక్కువ కాలం వచ్చిన 1489 సీసీ ఇంజిన్‌కు 4200 ఆర్‌పీఎం దగ్గర ఇదే లెక్క 88 సీఎఫ్ఎం దాకా వెళుతుంది. ఈ ఇంజిన్లు అడిగేది అంతే. దానికి మించిన సామర్థ్యం ఇచ్చినా ఇంజిన్ దాన్ని వాడుకోలేదు.

వాడుకోకపోవడమే కాదు, చెడు కూడా జరుగుతుంది. కార్బురేటర్ మధ్యలో సన్నగా నొక్కినట్టు ఉండే భాగం వెంచురి. పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్లు వేగంగా చిమ్మినట్టు, అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. ఆ పడిపోయిన ఒత్తిడే జెట్ నుంచి పెట్రోలును పైకి లాగుతుంది. లాగే శక్తి గాలి వేగానికి వర్గంలో మారుతుంది, వేగమేమో వెంచురి వైశాల్యానికి విలోమంగా ఉంటుంది. లెక్క కోసం 23 మి.మీ. వెంచురి ఉన్న చోట 28 మి.మీ. ది పెట్టామనుకోండి. అదే ఆర్‌పీఎం దగ్గర లాగే శక్తి సగానికన్నా తక్కువకు, సుమారు 45 శాతానికి పడిపోతుంది. ఊళ్లో 1500, 2000 ఆర్‌పీఎం మధ్య నడిపేటప్పుడు పెట్రోలు సన్నటి తుంపరగా కాకుండా చుక్కలుగా పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం ఇంజిన్ కూలబడుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి జెట్లు పెంచుతారు, మైలేజీ పోతుంది. నగరంలో తిరిగే కారుకు ఇది పూర్తిగా తప్పు బేరం.

ఇక్కడే ఒక గందరగోళం తీర్చుకోవాలి. సొలెక్స్, వెబర్ కంపెనీల కార్బురేటర్ మోడల్ పేర్లలో కనిపించే 32 లాంటి అంకె థ్రాటిల్ బోరు (బటర్‌ఫ్లై ఉండే చోటి గొట్టం) వ్యాసం, మిల్లీమీటర్లలో. అది వెంచురి సైజు కాదు. రెండు కార్బురేటర్ల మీదా 32 అనే ఉండొచ్చు, వెంచురులు మాత్రం వేరు వేరుగా ఉండొచ్చు. చాలా సొలెక్స్ మోడళ్లలో వెంచురి విడిగా తీయగలిగే ముక్క, దాని మీద సైజు ఉంటుంది. జెట్ల మీది అంకెలు మిల్లీమీటరులో నూరో వంతులు: 125 అంటే 1.25 మి.మీ. రంధ్రం. పాత కార్బురేటర్‌ను తీసేయడానికి ముందే ఈ అంకెలన్నీ కాగితం మీద రాసుకోవాలి.

బజారులో ఏం దొరుకుతుంది

అదే రకం పాతది సంపాదించడం పద్మిని విషయంలో ఇంకా సాధ్యమే. ముంబైలో ట్యాక్సీలకు 20 ఏళ్ల పరిమితి ఉండటంతో 2003 అక్టోబరులో రిజిస్టర్ అయిన చివరి పద్మిని ట్యాక్సీకి 2023 అక్టోబరుతో గడువు తీరింది. అలా తుక్కుకి వెళ్లిన బళ్ల సామాను కుర్లా లాంటి చోట్లకు చేరుతుంది. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి పాత సామానుకు పేరున్న బజార్లు. మన వైపు విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల అడిగి చూడాలి. అయితే ముంబై ట్యాక్సీలు చాలా వరకు ఏళ్ల తరబడి సీఎన్‌జీ మీద నడిచాయి. వాటి కార్బురేటర్లలో పెట్రోలు దారులు ఎండి, గ్యాస్కెట్లు గట్టిపడి ఉంటాయి. కొన్నిటికి గ్యాస్ పైపు కోసం బాడీకి రంధ్రం కూడా వేసి ఉంటారు. అలాంటిది ఎంత చవకగా వచ్చినా వద్దు.

తుక్కు దుకాణంలో చేతికి తీసుకున్నప్పుడు మొదట స్పిండిల్ ఊపి చూడాలి, తర్వాత ఫ్లాంజ్ చెవులు, ఆ తర్వాత మిక్స్చర్ స్క్రూ బయటికి తీసి దాని ముక్కు చూడాలి. ముక్కు మీద గాడి పడి ఉంటే ఎవరో గట్టిగా బిగించి కూర్చునే చోటును కూడా చెడగొట్టి ఉంటారు. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు చప్పుడు వినిపిస్తే దానికి కన్నం ఉంది. వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటే ఆ కన్నం, టంకంతో మూసుకోవచ్చు. జెట్ మీద అంకెను పూర్తిగా నమ్మకూడదు. మన దగ్గర మూసుకుపోయిన జెట్‌ను తీగతో పొడిచే అలవాటు ఎక్కువ. ఇత్తడి మెత్తన, తీగ గట్టిది. 125 అని రాసి ఉన్న జెట్ నాలుగేళ్లలో నిజానికి ఇంకా పెద్దదైపోయి ఉంటుంది. పాత బాడీ తీసుకున్నా జెట్లు కొత్తవి వేసుకోవడం మంచిది, అవి పెద్ద ఖర్చు కావు.

కొత్తగా తయారై, పేరున్న కంపెనీ గుర్తు లేకుండా వచ్చే నకళ్లు చూడటానికి మెరిసిపోతుంటాయి. వాటిలో మంచివీ ఉంటాయి, కానీ పెట్టె మీది మాటను నమ్మి నేరుగా బిగించడం సాహసమే. లోపల మెషీన్ పని తాలూకు లోహపు పొట్టు మిగిలి ఉంటుంది, బటర్‌ఫ్లై సమంగా మూసుకోదు, జెట్ల మీది అంకెకూ రంధ్రానికీ పొంతన ఉండదు. కొన్నదాన్ని పూర్తిగా విప్పి కడిగి, ఫ్లోట్ లెవెల్ సరిచేసి, మనం రాసి పెట్టుకున్న జెట్లను అందులో వేసి బిగిస్తే చాలా వరకు పని చేస్తుంది. ఆ కూలిని కూడా ధరలో కలుపుకుని చూడాలి.

మారుతి 800 కార్బురేటర్‌ను అడాప్టర్ వేసి పాత కార్లకు ఎక్కించడం తరచుగా వినిపించే సలహా. దీనికి కొంత తర్కం ఉంది. 796 సీసీ ఇంజిన్ 5000 ఆర్‌పీఎం దగ్గర అదే లెక్కలో 56 సీఎఫ్ఎం పీలుస్తుంది. పద్మినికి పై వేగాల్లో కొంచెం తక్కువైనా ఊరి తిరుగుడుకు సరిపోతుంది. మికుని కంపెనీ రకం, రెండు బ్యారెళ్ల (గాలి గొట్టాల) కార్బురేటర్ కాబట్టి, చిన్న బ్యారెల్‌తో నెమ్మదిగా నడిపేటప్పుడు గాలి వేగం బాగుంటుంది, రెండోది అవసరమైనప్పుడే తెరుచుకుంటుంది. విడిభాగాలూ, తెలిసిన మెకానిక్కులూ దొరకడం పెద్ద లాభం. ఇబ్బంది ఏమిటంటే దాని జెట్లు మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్ కోసం లెక్కగట్టినవి, వ్యాక్యూమ్ గొట్టాలు ఎక్కువ, పాత కారులో వాటిని ఎక్కడ కలపాలో, ఎక్కడ మూసేయాలో తెలియాలి. ఒక్క గొట్టం తెరిచి వదిలేసినా అరిగిన స్పిండిల్ చేసే నష్టమే చేస్తుంది. ఈ మార్పు ఇదివరకు చేసి, నడుస్తున్న కారును చూపించగల మెకానిక్ ఉంటేనే ఇటు వెళ్లాలి.

వెబర్ 32/36 లాంటి విదేశీ కార్బురేటర్‌కు మంచి పేరుంది, దాని మొదటి బ్యారెల్ వెంచురి 26 మి.మీ. రెండు లీటర్ల ఇంజిన్‌కు చక్కగా సరిపోయే వస్తువు. 1089 సీసీకి, అందులోనూ దిగుమతి సుంకం, అడాప్టర్, జెట్లు కలుపుకుంటే, తక్కువ ఖర్చు అనే మాటకు అర్థం లేకుండా పోతుంది. ఎస్‌యూ కార్బురేటర్ ఉన్న పాత బ్రిటిష్ ఇంజిన్ల సంగతి వేరు. అందులో పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ వెంచురి సైజును తనంతట తానే మార్చుకుంటుంది కాబట్టి సైజు కొంచెం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. ఇంగ్లండ్‌లో వాటికి ఇప్పటికీ కొత్త భాగాలు తయారవుతున్నాయి.

ఏది కొన్నా బిగించే ముందు ఒక విషయం చూడాలి. డిస్ట్రిబ్యూటర్‌కు వ్యాక్యూమ్ అడ్వాన్స్ (శూన్యంతో టైమింగ్‌ను ముందుకు జరిపే భాగం) ఉన్న ఇంజిన్ అయితే, కొత్త కార్బురేటర్‌కు ఆ గొట్టం తగిలించే చోటు బటర్‌ఫ్లై అంచుకు కాస్త పైన ఉండాలి. అది లేని కార్బురేటర్‌తో కారు నడుస్తుంది, కానీ తక్కువ లోడు మీద టైమింగ్ ముందుకు జరగదు, మైలేజీ ఎందుకు రావట్లేదో ఎవరికీ అంతుచిక్కదు. అలాగే మెకానికల్ పంపు తీసేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టి ఉంటే దాని ఒత్తిడి చూసుకోవాలి. పాత కార్బురేటర్ల నీడిల్ వాల్వ్‌కు మూడు, నాలుగు పీఎస్‌ఐ చాలు. అంతకన్నా ఎక్కువైతే ఎంత మంచి కార్బురేటర్ అయినా పొంగుతుంది.

ఈ20 పెట్రోలు వచ్చాక

ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు మన దేశంలో 2023లో మొదలై, 2025 కల్లా బంకుల్లో మామూలైపోయింది. కార్బురేటర్ ఎంపికలో దీన్ని వదిలేసి మాట్లాడితే లాభం లేదు. ఇంజెక్షన్ కారులో ఆక్సిజన్ సెన్సరు చూసుకుని పెట్రోలు పెంచుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ ఎంత వదిలితే అంతే.

మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. ఈ20కి ఇది దాదాపు 13.5 అవుతుంది. అంటే అదే గాలికి తొమ్మిది శాతం దాకా ఎక్కువ ఇంధనం పడాలి. జెట్ మారకపోతే మిశ్రమం ఆ మేరకు పలచనవుతుంది: చల్లటి ఇంజిన్ తొందరగా అందుకోదు, తొక్కగానే తడబడుతుంది, కార్బురేటర్ లోంచి టప్ మని శబ్దం వస్తుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. ఇవే లక్షణాలు చూసి కార్బురేటర్ పోయిందని చెప్పేవాళ్లున్నారు. 125 మెయిన్ జెట్ స్థానంలో 130 పెడితే రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరుగుతుంది, లెక్క ఇంచుమించు సరిపోతుంది. ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే స్లో జెట్‌ను కూడా అదే పద్ధతిలో చూసుకోవాలి. ఒక్కసారే ఎక్కువ పెంచకుండా, ఒక మెట్టు మార్చి కొంత దూరం నడిపి ప్లగ్గులు విప్పి చూడాలి. తెల్లగా ఉంటే ఇంకా పలచన, నల్లటి మసి ఉంటే ఎక్కువైంది, లేత గోధుమ రంగు ఉంటే ఆపేయొచ్చు.

రెండో సమస్య రబ్బరు. పాత పంప్ డయాఫ్రం, పెట్రోలు గొట్టాలు ఇథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి, చివరికి చిరుగుతాయి. ఏళ్ల క్రితం తయారై షాపులో మిగిలిపోయిన రిపేర్ కిట్ చవకగా వస్తుంది, కానీ దాని రబ్బరు ఈ పెట్రోలుకు నిలబడదు. ఇథనాల్ తట్టుకునే కిట్, గొట్టాలు అడిగి తీసుకోవాలి. గొట్టం మార్చకపోతే నష్టం మైలేజీతో ఆగదు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారుతుంది. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారులో ఆ తేమ ఫ్లోట్ గిన్నె అడుగున చేరి జింక్ బాడీని తినేస్తుంది. కారు ఎక్కువ రోజులు ఆపేటప్పుడు గిన్నె ఖాళీ చేయడం ఖర్చు లేని జాగ్రత్త.

50 ఏళ్లు దాటిన కార్లకు ఇంకో కోణం ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి, ఇంజిన్‌లోనూ బాడీలోనూ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. 1970ల నాటి పద్మినులు ఒక్కొక్కటిగా ఆ వయసుకు వస్తున్నాయి. వాటికి వేరే కంపెనీ కార్బురేటర్ ఎక్కించేవాళ్లు మ్యానిఫోల్డ్‌ను కోయకుండా, స్టడ్లకు కొత్త రంధ్రాలు వేయకుండా, మళ్లీ పాతది బిగించుకోగలిగేలా అడాప్టర్ చేయించుకోవాలి. తీసేసిన అసలు కార్బురేటర్‌ను మెకానిక్‌కు పాత ఇనుము కింద వదిలేయకుండా, పెట్రోలు పూర్తిగా వంచేసి, నూనె రాసి, జెట్ల అంకెలు రాసిన చీటీతో పాటు కవరులో కట్టి ఉంచుకోవాలి. బుష్ వేయగల టర్నర్ దొరికిన రోజున అదే మళ్లీ ఇంజిన్ మీదికి ఎక్కుతుంది.